లీటరుకు ఎన్ని కిలోమీటర్లు?

గత వేసవిలో మా కేంద్రమునకు ఒక శ్రోత నుండి ఉత్తరము వచ్చినది. విశాఖ మన్యపు అంచున, నర్సీపట్నము దాపున ఉన్న ఒక గ్రామము వారిది. కొండమీద చింతపల్లి వైపు కాఫీ, మిరియముల వ్యాపారము. రాళ్ళబాటలలోను, వాగులలోను తిరుగవలసిన పని గనుక, నాలుగు చక్రములకును ఇంజను బలము అందెడి డీజిలు బండి నొకదానిని క్రొత్తగా కొన్నారు. కొన్నప్పుడు చేతికి వచ్చిన కాగితములో లీటరుకు పదునైదు కిలోమీటర్లని ఉన్నది. తమకు పది దాటుట గగనముగా ఉన్నదనియు, లోపము బండిదో, డ్రైవరుదో, కాగితముదో తెలియజెప్పవలసినదనియు వారు వ్రాసిరి. ఉత్తరము చివర మరొక వాక్యము కలదు: “మా డ్రైవరు ఈ మధ్య ఘాటు దిగునప్పుడు గేరు తీసివేసి న్యూట్రలులో దింపుచున్నాడు. అందువలన డీజిలు కలసివచ్చునట, నిజమేనా?”

తక్కిన ప్రశ్నలకు తాపీగా సమాధానము చెప్పవచ్చును గాని, ఈ చివరి వాక్యము మమ్ము కలవరపెట్టినది. ఆ సాయంకాలమే ఫోనుచేసి, ఆ పని తక్షణమే మానిపింపుడు, కారణములు తరువాత చెప్పెదము అంటిమి. నేటి ప్రసంగము ఒక విధముగా ఆ తరువాయి భాగమే.

మన పెద్దలు ఇట్టి వాహనముల నన్నిటిని జీపులనియే పిలిచెడివారు. ఇప్పుడు వాటి రూపు మారినది. 2022లో స్కార్పియో-ఎన్, 2024 ఆగస్టులో అయిదు తలుపుల థార్ రాక్స్ వచ్చినవి. లోపల చల్లని గాలి, మెత్తని సీట్లు, తెరమీద పటములు. చూచుటకు ఇంటివారి కారు. అడుగున మాత్రము లారీకి ఉన్నట్టు గట్టి ఇనుప చట్రమే ఉండును. నాలుగు చక్రముల రకములలో అదనపు గేరుపెట్టె ఒకటి, దానిని త్రిప్పెడి ఇరుసులు ఉండును. మనుష్యులెక్కిన పిమ్మట మొత్తము బరువు రెండు టన్నులు దాటును. బండిని చూచి కారనుకొని, కారువలె లెక్కకట్టుకొనుటలోనే మొదటి చిక్కు ఉన్నది.

ఇక కాగితములోని అంకె. దానిని మనము మైలేజి అనుచున్నాము. కొలుచునది కిలోమీటర్లలో, పిలుచునది మైళ్ళ పేరుతో! ఆ అంకె అబద్ధము కాదు. అయితే అది రోడ్డుమీద పుట్టినది కాదు, పరీక్షాశాలలో పుట్టినది. బండిని ఉక్కు ఉరుళ్ళమీద నిలిపి, కదలకుండ కట్టి, చక్రములను మాత్రము త్రిప్పింతురు. గాలి యొత్తిడి ఎంత ఉండవలెనో లెక్కగట్టి ఆ ఉరుళ్ళకే ఆ మేరకు బిగువు కల్పింతురు. మన దేశములో ఇంతకాలముగా వాడుచు వచ్చిన పరీక్షాక్రమము 1,180 సెకండ్లది. అనగా ఇరువది నిమిషములు కూడ నిండదు. అందులో నడచు దూరము పదునొకండు కిలోమీటర్లకు లోపు. సగటు వేగము గంటకు 32 కిలోమీటర్లు. మిక్కిలి హెచ్చిన వేగము 90. ఏ.సి. ఆపియుంతురు. ఎండ లేదు, ఎదురుగాలి లేదు, ఘాటు లేదు, పైన సామానుల చట్రము లేదు. అన్ని బండ్లకు ఒకే ప్రశ్నపత్రము ఇచ్చి, ఏది మేలో ఏది తక్కువో తేల్చుటకు ఆ పరీక్ష పనికివచ్చును. మన ఊరి రోడ్డుమీద ఈ బండి ఎంత త్రాగును అని మాత్రము ఆ పరీక్ష అడుగనే లేదు. అడుగని ప్రశ్నకు సమాధానము దానిలో వెదకుట మన పొరపాటు.

అమెరికావారు 2008 నమూనా బండ్ల నుండి ఈ లెక్కను మార్చినారు. హెచ్చు వేగము, ఏ.సి. వేసిన ఎండ, గడ్డకట్టు చలి, ఈ మూడింటిలోని పరీక్షలను కూడ కలిపి అంకెను వేయుచున్నారు. అందుచేత వారి అంకెలు చిన్నవిగా కనిపించును. 2024 నమూనా టొయోటా ల్యాండ్ క్రూజరుకు ఇంజనుతో బాటు విద్యుత్తు మోటారు కూడ తోడున్నది. దానికి అక్కడ వేసిన సగటు అంకె గాలనుకు 23 మైళ్ళు. అక్కడనున్న మన పిల్లలు ఈ మాట చెప్పినపుడు ఇక్కడివారు అబ్బో అనుకొందురు. అమెరికా గాలను 3.785 లీటర్లు, మన తాతలెరిగిన ఇంగ్లీషు గాలనుకన్న చిన్నది. లెక్క చేసి చూచిన లీటరుకు 9.8 కిలోమీటర్లు మాత్రమే అగును. అది పెట్రోలు బండి, ఇది డీజిలు బండి. రెంటిని నేరుగా పోల్చరాదు. ఇట్టి ఆకారమునకు, ఇట్టి బరువునకు నిజాయితీగా వేసిన అంకె ఎట్లుండునో తెలియుటకు మాత్రమే చెప్పితిమి.

ఆకారమునగూర్చి రెండు మాటలు. గాలిని చీల్చుకొనిపోవుటలో కారు చేపవంటిది, ఈ బండి బీరువా వంటిది. గాలి అడ్డును కొలిచెడి అంకె ఒకటి కలదు. మంచి కార్లకు అది 0.30కి లోపు, జీప్ రాంగ్లరు వంటి నిలువు ముఖపు బండికి సుమారు 0.45. ముఖపు వైశాల్యము కూడ పెద్దది. ఈ అడ్డు వేగమునకు వర్గముగా పెరుగును. గంటకు 80లో పోవు బండిని 100కు తోలినచో వేగము పెరిగినది నాలుగవ వంతే. గాలి అడ్డు పెరుగునది సగమునకు పైగా. జాతీయ రహదారిమీద బస్సులను దాటించుకొనిపోవు సంబరమునకు మూల్యము అక్కడ పడుచున్నది.

మేము మాటలతో సరిపెట్టక, ఉత్తరము వ్రాసిన వారి అనుమతితో మూడు వారములపాటు ఆ బండి లెక్క చూచితిమి. పద్ధతి మిక్కిలి సులభము. ఎవరి ఇంటనైనను చేయవచ్చును. ఒకే బంకులో, ఒకే గొట్టముతో, గొట్టము మొదటిసారి తనంతట తాను ఆగువరకు ట్యాంకు నింపవలెను. చిల్లర సరిపెట్టుటకై పైన మరికొంత పోయింపరాదు. మీటరు అంకె వ్రాసికొనవలెను. ట్యాంకు ముప్పాతిక వంతు వాడి, తిరిగి అక్కడికే వచ్చి, అట్లే నింపవలెను. నడచిన కిలోమీటర్లను రెండవసారి పట్టిన లీటర్లతో భాగించినచో లెక్క తేలును. ఒక్క ట్యాంకును నమ్మరాదు, మూడు చూడవలెను. బంకు కొలతమీద అనుమానమున్నవారు అయిదు లీటర్ల కొలపాత్రతో కొలిపించుమని అడుగవచ్చును. అది వినియోగదారునకు ఉన్న హక్కు; అడుగుటకు మొగమాటపడ నక్కరలేదు.

మొదటి ట్యాంకు నర్సీపట్నము వీధులు, ఘాటు, పైన తోటల బాటలు: 398 కిలోమీటర్లకు 39.4 లీటర్లు. లీటరుకు 10.1. రెండవది అనకాపల్లి నుండి రాజమహేంద్రవరము వైపు జాతీయ రహదారి, 80కి మించకుండ: 476 కిలోమీటర్లకు 35.5 లీటర్లు, అనగా 13.4. మూడవది అదే రహదారి, కాని వారి కుమారుడు తోలినాడు, 100కు తగ్గలేదు. 455 కిలోమీటర్లకు 40.1 లీటర్లు, అనగా 11.3. బండి అదే, రోడ్డు అదే, డీజిలు అదే. మారినది పాదము బరువు మాత్రమే. రెండవ ట్యాంకు నాడు బండిలోని తెర 14.2 అని చూపినది. తెర కొంచెము ముఖస్తుతి చేయునని దీనివలన తెలిసినది.

ఇక్కడ మరొక చమత్కారము బయటపడినది. వారు బురదకు పనికివచ్చునని అసలు టైర్లు తీసివేసి, పెద్ద గళ్ళ టైర్లు వేయించినారు. రహదారిపై కిలోమీటరు రాళ్ళు లెక్కించుచు పోగా, 50 కిలోమీటర్లకు మీటరు 48 మాత్రమే చూపినది. టైరు పెద్దదైనపుడు చక్రము ఒక చుట్టులో ఎక్కువ దూరము పోవును. మీటరుకు ఆ సంగతి తెలియదు. దానిని సవరించినచో 10.1 కాస్త 10.5 అగును, 13.4 దాదాపు 14 అగును. అనగా నిదానముగా తోలిన నాడు బండి కాగితమునకు ఒక్క కిలోమీటరు దూరములో నిలిచినది. బండిలో లోపము లేదు. అయితే ఆ గళ్ళ టైర్లే తారురోడ్డుమీద ఎక్కువ డీజిలు త్రాగించుచున్నవి కూడ. బురదలో పట్టుకై గాలి తగ్గించి, తారురోడ్డు ఎక్కిన తరువాత మరల నింపని రోజులు ఎన్నియో ఉన్నవని డ్రైవరు ఒప్పుకొన్నాడు. ఇంటి మీదికి ఎక్కించినట్టు ఖాళీ సామానుల చట్రము నొకదానిని పైన ఏడాది పొడవునా మోయించుట మరియొకటి.

తోటల బాటలో నాలుగు చక్రములను కలిపి తక్కువ గేరు వేసినపుడు ఇంజను మామూలుకన్న రెండున్నర రెట్లు పైగా తిరుగును; బండి నత్తవలె నడచును. అచ్చట లీటరుకు ఇన్ని కిలోమీటర్లను మాటకే అర్థము లేదు. గంటకు ఎన్ని లీటర్లని అడుగవలెను. అడవిలోనికి పోవువారు దూరము చూచి కాక, పొద్దు చూచి డీజిలు ఉంచుకొనవలెను.

ఘాటు సంగతికి వచ్చెదము. నర్సీపట్నము దిగువనుండి లంబసింగి వైపు ఘాటులో 800 మీటర్లు ఎక్కినామనుకొందము. మనుష్యులతో 2,200 కిలోల బండిని అంత యెత్తు మోయుటకు కావలసిన శక్తిని లెక్కించి, డీజిలులో మూడవ వంతు మాత్రమే పనికి మారునని గ్రహించినచో, ఎత్తుకే లీటరున్నరకు కొంచెము తక్కువ అగుచున్నది. చదునుమీద అగునది దీనికి అదనము. ఈ లీటరున్నరను దిగునప్పుడు వసూలు చేసికొందమని డ్రైవరు ఆశ. ఆశ సహజమే; మార్గము తప్పు.

పాత కాలపు లారీలలో ఈ అలవాటు ఉండెడిది. ఇప్పటి ఇంజనులలో డీజిలును కొలిచి పంపెడి ఎలక్ట్రానిక్ యంత్రము కలదు. గేరులో ఉండి, పాదము తీసివేసి దిగునపుడు చక్రములే ఇంజనును త్రిప్పుచుండును గనుక, ఆ యంత్రము డీజిలును పూర్తిగా నిలిపివేయును. ఖర్చు సున్న. గేరు తీసివేసినచో ఇంజను ఆరిపోకుండ ఉండుటకు డీజిలు పంపవలసివచ్చును. కనుక న్యూట్రలులో దిగినవాడు పొదుపు చేయుట లేదు, ఖర్చు చేయుచున్నాడు. అది చిన్న సంగతి. పెద్ద సంగతి ఏమనగా, గేరు పట్టు పోయిన పిమ్మట రెండు టన్నుల బరువును మలుపు మలుపునను బ్రేకులే ఆపవలెను. అవి కాగును, కాగిన బ్రేకుకు పట్టు తగ్గును, నూనె మరిగినచో పెడలు నేలకంటును. ఇంజనునే ఆపివేసి దిగెడి సాహసులు కూడ ఉన్నారు. అప్పుడు బ్రేకునకును స్టీరింగునకును ఉన్న సహాయము కూడ పోవును. ఏ గేరులో ఎక్కుదురో ఆ గేరులోనే దిగవలెనని ఘాటు డ్రైవర్లలో పెద్దలు చెప్పెడి మాట నేటి ఇంజనుకు కూడ సరిగా సరిపోవుచున్నది.

పెట్రోలు బండ్లవారు కూడ ఈ మధ్య మాకు వ్రాయుచున్నారు. 2025 నాటికి మన పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ళు ఇథనాలు కలుపుట దేశమంతట వ్యాపించినది. లీటరుకు లీటరు చూచిన ఇథనాలులో ఉన్న శక్తి పెట్రోలుకన్న దాదాపు మూడవ వంతు తక్కువ. ఆ లెక్కన మిశ్రమములో నూటికి ఆరేడు పాళ్ళు శక్తి తగ్గును. దానికి తగినట్లు తీర్చిన ఇంజనులు ఈ నష్టమును కొంత పూడ్చుకొనును. పది నుండి ఆరుకు పడిపోయినదని వ్రాసినవారు మాత్రము ఇథనాలును నిందింపక టైర్లు, బ్రేకులు పట్టివేయుచున్నవేమో చూపించుకొనుట మంచిది.

ఏడాదికి పదునైదు వేల కిలోమీటర్లు తిరుగువారికి, కాగితము చెప్పిన పదునైదు లెక్కన వేయి లీటర్లు చాలును. నిజముగా వచ్చునది 10.5 అయినచో 1,430 లీటర్లు కావలెను. ఈ తేడా బండి కొనక ముందే ఇంటి లెక్కలో పడవలసినది. కొన్న తరువాత డ్రైవరు నెత్తిన పడరాదు. మా శ్రోత ఇంట జరిగినది ఇదియే. మైలేజి రాలేదని రోజూ మాటలు పడలేక ఆ మనిషి గేరు తీయుట మొదలుపెట్టినాడు. ఈ సంగతి అతడు మాకు లంబసింగి దగ్గర టీ త్రాగుచు, యజమాని దూరముగా ఉన్నప్పుడు చెప్పినాడు. తరువాత అతని అనుమతితోనే యజమానికి తెలిపితిమి. వారు చాలసేపు మాటాడలేదు.

సామానుల చట్రము దింపించినారు. గళ్ళ టైర్లు వానకాలమువరకు ఉంచుకొందురట. బండిలో ఒక నోటుపుస్తకము పెట్టినారు. మొన్న వచ్చిన జాబులో నాలుగవ ట్యాంకు లెక్క డ్రైవరే స్వయముగా వ్రాసినాడు: 431 కిలోమీటర్లు, 38.6 లీటర్లు, మీటరు సవరణతో 11.6. ప్రక్కన చిన్న అక్షరములతో, “ఘాటు దిగునప్పుడు రెండవ గేరు” అని ఉన్నది.