అమ్ముడుపోని యిల్లు

అనకాపల్లి పేరు వినగానే ఎవరికైనను బెల్లము జ్ఞప్తికి వచ్చును. ఆ బెల్లము కొనునపుడు మనము రంగు చూతుము, గట్టిదనము చూతుము, చిన్న ముక్క తుంచి నోట వేసికొందుము. ఇంటి విషయమున మాత్రము ఇరుగుపొరుగుల మాట విని ఊరకుందుము.

పట్టణపు పాతవీధులలో అప్పుడప్పుడొక పెంకుటిల్లు కనబడును. 'ఈ యిల్లు అమ్మబడును' అను అక్షరములు ఎండకు వెలిసిపోయి యుండును. ఇన్నేండ్లుగా ఎవ్వరును కొనలేదు గనుక అందేదో దోషమున్నదని లోకము తీర్మానించును. వీధిపోటనియు, దక్షిణద్వారమనియు కారణములు పుట్టును. మేము చూచినంతలో, అసలు కారణము తరచుగా వెలయందో, గోడలయందో, కాగితములయందో ఉండును.

వెల సంగతి సులభము. యజమాని విశాఖపట్టణమున స్థిరపడి, తండ్రి కట్టించిన యింటిపై మమకారముతో వెల చెప్పును. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా కేంద్రమైనది గనుక రేపింకను పెరుగునని ఆశించును. అట్టివానితో ఓర్పుగా బేరమాడవచ్చును.

గోడల సంగతి పరీక్షకు లొంగును. మనుష్యసంచారము లేని యింట పెంకులు జారును, దూలములకు చెదలు పట్టును. 2014 అక్టోబరునాటి హుద్‌హుద్ తుపాను వంటిది వచ్చినపుడు అట్టి కప్పు నిలుచుట కష్టము. మేస్త్రీని, వడ్రంగిని వెంటబెట్టుకొని వానకాలమున చూడవలెను. మరమ్మతు ఖర్చును వెలనుండి తగ్గింపుమని అడుగుటలో తప్పులేదు.

కాగితముల సంగతియే కఠినమైనది. తండ్రి వీలునామా వ్రాయక గతించెను, కుమారులు అమ్మజూపుచున్నారు, అత్తవారింటనున్న ఆడపడుచును ఎవరును అడుగలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము అట్టి తండ్రి స్వార్జితమున కుమార్తెకును కుమారునితో సమానమైన భాగ మిచ్చినది. 2005 నాటి సవరణ ఉమ్మడి ఆస్తియందును ఆమెకు పుట్టుకతోనే హక్కు కల్పించినది. ఆమె సంతకము లేనిదే కొన్నవాడు ఇంటితోపాటు వ్యాజ్యమును గూడ కొన్నట్లే.

కావున సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున ఈసీ తీసికొనుడు. రిజిస్టరు కాని వ్యవహారములు అందు కానరావు గనుక అసలు దస్తావేజులను గూడ చూపుమనుడు. అవి అప్పు క్రింద వేరొకచోట నుండవచ్చును. వారసులందరి పేర్లు వ్రాసికొని న్యాయవాదికి చూపుడు. తానెరిగిన లోపమును అమ్మువాడు దాచరాదని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము చెప్పుచున్నది. కాని కొనువాడు సాధారణమైన శ్రద్ధతో తెలిసికొనగల దానికి ఆ రక్షణ లేదు.

ఇవన్నియు సరిపడినచో, పదిమంది వదలిన యిల్లని జంకనక్కరలేదు. ఈసారి అట్టి బోర్డు కంటబడినపుడు ద్వారమే దిక్కునకున్నదని గాక, ఆ యింటివారికి తోబుట్టువు లెందరని ముందుగా అడుగుడు.