నడక వేళ – దేహ గడియారము

తెల్లవారుజామున నడచుట మేలా, సాయంకాలము నడచుట మేలా అను వాదము మన యిండ్లలో నేటిది కాదు. చల్లగాలిని బట్టి కొందరు, తీరికను బట్టి కొందరు తీర్పు చెప్పుచుందురు. ఆ వేళను మన లోపలి గడియార మొకటి గమనించుచున్నదను సంగతి మాత్రము ఆ వాదములో ఎవరికిని తట్టదు.

అత్తిపత్తి మొక్కను చీకటిలో నుంచినను దాని ఆకులు పగటివేళకు విచ్చుకొనుటను 1729లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దె మెరా తెలియజేసెను. మన దేహమునకును అట్టి కాలజ్ఞానము కలదు. మెదడులో సుమారు 20,000 నాడీకణముల చిన్న గుంపు దానికి కేంద్రము. అది ఇంచుమించు 24 గంటలకు ఒక చుట్టు తిరుగును. ఆ ‘ఇంచుమించు’ను ప్రతిదినమును సరిదిద్దునది ముఖ్యముగా సూర్యకాంతి.

వ్యాయామము కూడ ఆ ముల్లును కదల్చునా? యంగ్‌స్టెడ్, ఎలియట్, క్రిప్కీ అను అమెరికా పరిశోధకులు 2019లో ప్రకటించిన పరీక్ష ఇందుకు చక్కని సమాధానము. 101 మందిని ప్రయోగశాలలో నుంచి, గంటసేపు మెలకువ, అరగంట నిద్ర చొప్పున రేయింబవళ్లు గడపించిరి. వరుసగా మూడు దినములు, ఒక్కొక్కరికి నిర్ణయించిన వేళకు, గంటసేపు యంత్రముపై నడిపించిరి, పరుగెత్తించిరి. రాత్రి సూచకమైన మెలటోనిన్ జాడను మూత్రములో కొలిచిరి. ఉదయము 7 గంటలకు గాని, మధ్యాహ్నము 1 మొదలు 4 లోపల గాని శ్రమించినవారి గడియారము ముందునకు జరిగినది. రాత్రి 7 మొదలు 10 లోపల శ్రమించినవారిది వెనుకకు జరిగినది. ఉదయము 10 గంటల వ్యాయామమునకు ఫలము స్వల్పము. వృద్ధులకును యువకులకును ఇందు భేదము కనబడలేదు.

ఇది కేవలము పండితుల వినోదము కాదు. మేము కొంతకాలము రాత్రి ఉద్యోగము చేసినవారము. పగలు తలుపులు మూసికొని పడుకొన్నను కన్ను మూతపడెడిది కాదు; చుట్టములు దానిని చాదస్తమనిరి, మేమును అట్లే నమ్మితిమి. దేహమునకు అది పగలేనని చెప్పినవా రెవరును లేకపోయిరి! రాత్రి పనిలోనికి పోవువారు ముందు కొన్ని దినములు రాత్రి భోజనమునకు ముందు వడిగా నడచినచో గడియారము వెనుకకు జరిగి కొంత సాయపడవచ్చును. మరల పగటి పనికి వచ్చునపుడు ఉదయపు నడక మేలు. అయితే రాత్రి పని ముగించి ఇంటికి వచ్చు త్రోవలో ఎదురగు ప్రాతఃకాలపు ఎండ మన సాధనను చాలవరకు చెరుపగలదు. అందుచేత ఆ కొద్దిసేపు నల్లకళ్లజోడు పెట్టుకొనుటకు సిగ్గుపడ నక్కరలేదు.