చుట్టు తిరిగి వచ్చిన జాబు
(కొత్తచెరువులో ఇచ్చిన స్మారకోపన్యాసం)



దివంగత పోస్టుమాస్టరుగారి పేరున ఏర్పాటైన ఉపన్యాసంలో టపా గురించే మాట్లాడటం సబబనిపించింది. శాఖను పొగిడే పని నేను పెట్టుకోలేదు, ఆ పనికి శాఖవాళ్లే ఉన్నారు. యుద్ధం వచ్చిపడినప్పుడు విమానాల్లో పోవలసిన ఉత్తరాలు ఏ దారి పట్టాయి, ఎవరి జాబు కోసం కొత్త దారి వెతికారు, ఎవరి జాబును వెనక్కి తిప్పి పంపారు అన్నదే ఇవాళ నా విషయం. ముఖ్యంగా రెండో ప్రపంచ యుద్ధకాలం.

ఈ కథలో మన పక్క ఊరు బళ్లారికి ఒక చోటుంది. 1882 దాకా అనంతపురం బళ్లారి జిల్లాలో భాగమే కనుక పరాయి ఊరనడానికి లేదు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీలో సుమారు 25 కిలోల టపా వేసుకుని చిన్న విమానంలో అహ్మదాబాదు మీదుగా బొంబాయి చేరాడు. అక్కడి నుంచి ఆ సంచులను నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసు తీసుకెళ్లాడు. లండను నుంచి కరాచీకి వచ్చిన జాబు దక్షిణాదికి గాలిలో రావడం అలా మొదలైంది. కొన్నేళ్లకే ఆ మజిలీ బళ్లారి నుంచి హైదరాబాదుకు మారిపోయింది. విమానం ఎక్కడ దిగాలన్నది గాలివాటం ఒక్కటే తేల్చదని మనవాళ్లకు అప్పుడే తెలిసి ఉండాలి.

అసలు లండను–కరాచీ దారి కూడా ఆదినుంచీ రాజకీయాల దయ మీదే నడిచింది. 1929 మార్చి 30న ఇంపీరియల్ ఎయిర్‌వేస్ మొదలుపెట్టిన ఆ సర్వీసులో ఉత్తరం కొంత దూరం విమానంలో, కొంత రైల్లో, మళ్లీ నీటి విమానంలో పోయేది. అటుపైన బస్రా నుంచి పర్షియా తీరం వెంబడి కరాచీకి. పర్షియా ప్రభుత్వం తన తీరం మీద ఎగరడానికి ఇచ్చిన అనుమతి 1932తో సరి. దాంతో దారి సముద్రం అవతలి గట్టుకు, అరేబియా తీరానికి మారి షార్జాలో కొత్త మజిలీ పుట్టింది. ఇవాళ కదిరి నుంచీ రాయచోటి నుంచీ పనికి పోయే మన పిల్లలు దిగుతున్న షార్జాయే అది. అప్పట్లో అది ఇసుకలో ఒక కోట లాంటి విడిది.

యుద్ధానికి ముందు ఒక మంచి రోజు వచ్చింది. 1938 ఫిబ్రవరి నుంచి బ్రిటన్‌కూ ఇండియాకూ మధ్య మామూలు ఉత్తరాలన్నిటినీ అదనపు రుసుము లేకుండా విమానంలోనే పంపడం మొదలైంది. బ్రిటన్‌లో అర ఔన్సు జాబుకు ఒకటిన్నర పెన్నీ. కరాచీలో దిగిన సంచులను టాటా విమానాలు మద్రాసు దాటి కొలంబో దాకా మోశాయి. వారంలోపే సీమ నుంచి సీమకు జాబు చేరేది, ఇక్కడ సీమ అంటే లండనూ మన రాయలసీమా రెండూ. ఏడాదిన్నర పాటు ఆ వైభోగం సాగింది.

1939 సెప్టెంబరులో యుద్ధం మొదలవగానే ఆ పథకం ఆగిపోయింది. విమానంలో పంపాలంటే అర ఔన్సుకు ఒక షిల్లింగు మూడు పెన్నీలు కట్టమన్నారు. అంటే పదిహేను పెన్నీలు, నిన్నటి ధరకు పదిరెట్లు. బాంబు పడకముందే, దారి మారకముందే ఈ దెబ్బ తగిలింది. యుద్ధంలో టపా చరిత్ర రాసేవాళ్లు మ్యాపులు గీస్తారు, విమానాల బొమ్మలు వేస్తారు. ఈ పదిరెట్ల ధర మాత్రం ఒక పట్టికలో పడి ఉంటుంది. నా లెక్కలో అసలు వేరు చేసింది అదే. కట్టగలిగినవాడి ఉత్తరం గాలిలో పోయింది, కట్టలేనివాడిది ఓడెక్కింది.

దారి మారింది 1940 జూన్‌లో. ఆ నెల 10న ఇటలీ యుద్ధంలోకి దిగింది, కొద్ది రోజుల్లో ఫ్రాన్స్ పడిపోయింది. మధ్యధరా సముద్రం మీదుగా పౌర విమానాలు ఎగరడం అసాధ్యమైంది. అప్పటికి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ స్థానంలో బి.ఓ.ఏ.సి. వచ్చింది. ఆ సంస్థ తన నీటి విమానాల్లో చాలావాటిని ఆఫ్రికా వైపు చేర్చుకుని జూన్ 19న కొత్త దారి తెరిచింది. దక్షిణాఫ్రికాలోని దర్బన్ దాని ఒక కొస, ఆస్ట్రేలియాలోని సిడ్నీ రెండో కొస. దర్బన్ నుంచి తూర్పు ఆఫ్రికా తీరం వెంట మొంబాసా, అక్కడి నుంచి విక్టోరియా సరస్సు, నైలు నది పట్టుకుని ఖార్టూమ్, కైరో, తర్వాత బస్రా, బహ్రెయిన్, కరాచీ, కలకత్తా, రంగూన్, సింగపూర్. మ్యాపులో చూస్తే గుర్రపు లాడం ఆకారం. అందుకే దాన్ని లాడం దారి అన్నారు.

కొత్తచెరువులో మాట్లాడుతూ ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఆ నీటి విమానాలకు రన్‌వే అక్కరలేదు, నిండిన చెరువు చాలు. కరాచీ నుంచి కలకత్తా పోయే దారిలో అవి రాజస్థాన్‌లోని రాజసమంద్ చెరువులో, గ్వాలియరు దగ్గర మరో జలాశయంలో దిగేవి. రాజులు కట్టించిన చెరువుల నీళ్లు లండను టపాకు మజిలీ అయ్యాయి. మన బుక్కపట్నం చెరువుకు ఆ యోగం పట్టలేదు. పట్టి ఉంటే మన ఊళ్లలో కనీసం నాలుగు తరాలు చెప్పుకునేవాళ్లం.

ఇప్పుడు ఒక ఉత్తరం ప్రయాణం చూద్దాం. బ్రిటన్‌లో రాసిన జాబు ముందుగా ఓడలో దక్షిణాఫ్రికాకు పోవాలి. జర్మన్ జలాంతర్గాముల భయంతో ఓడలు గుంపులుగా, చుట్టుదారుల్లో నడిచేవి. అక్కడ దిగాక విమానం ఎక్కి ఆఫ్రికా ఖండం మొత్తం పైకి ఎగబాకి, కైరో దగ్గర తూర్పుకు తిరిగి కరాచీకి రావాలి. వారంలోపు వచ్చే జాబు నెలకు పైబడి రావడం మామూలైంది. ఇక పూర్తిగా ఓడనే నమ్ముకున్న ఉత్తరం గుడ్‌హోప్ అగ్రం చుట్టి రావలసిందే. మధ్యలో ఓడ మునిగితే ఆ సంచి కథ అంతే. లిస్బన్, లాగోస్ మీదుగా ఇంకో విమానదారి కూడా తెరిచారు గాని, అందులో చోటు తక్కువ, సర్కారు కాగితాలకూ పెద్ద మనుషులకూ అది సరిపోయేది. అమెరికాకు పంపే జాబుల దారి మరీ విచిత్రం. పడమట ఉన్న న్యూయార్కుకు తూర్పున సింగపూర్, హాంకాంగ్ మీదుగా, పసిఫిక్ సముద్రం దాటించి పంపిన రోజులున్నాయి. 1941 డిసెంబరులో జపాను ఆ కిటికీ కూడా మూసేసింది.

దూరం ఒక్కటే ఆలస్యానికి కారణం కాదు, సెన్సారు కూడా ఉంది. కవరు ఒక పక్క కత్తిరించి, చదివి, తిరిగి చీటీ అంటించి, ముద్ర వేసి పంపేవారు. ఏ ఊళ్లో ఉన్నామో సిపాయి రాయకూడదు, రాస్తే ఆ మాట కొట్టేసేవారు. బెంగళూరులోని మద్రాసు సాపర్ల సైనిక దళంలో తెలుగువాళ్లు చాలామంది ఉండేవారు, యుద్ధంలో వాళ్లు ఆఫ్రికాకూ పశ్చిమాసియాకూ బర్మాకూ పోయారు. ఇంటి దగ్గర తల్లికి చదువు రాదు. జాబు వస్తే బడి అయ్యవారో పోస్టుమానో చదివి పెట్టాలి. నెలల నాటి క్షేమం విని ఇవాళ్టి క్షేమం అనుకోవాలి.

బరువు సమస్యకు ఒక తెలివైన ఉపాయం కనిపెట్టారు. ఉత్తరాన్ని ఫొటో తీసి, 16 మిల్లీమీటర్ల ఫిల్ము చుట్టను మాత్రమే విమానంలో పంపి, చేరిన చోట అచ్చు తీసి బట్వాడా చేయడం. దాని పేరు ఎయిర్‌గ్రాఫ్. కొడాక్ కంపెనీ సాంకేతికత. 1941 ఏప్రిల్‌లో కైరోలోని సైనికుల ఉత్తరాలతో మొదలై, 1942 తొలినాళ్లలో ఇండియా–బ్రిటన్ మధ్యకు వచ్చింది. కాగితంగా 50 పౌండ్లు తూగే జాబులు ఫిల్ముగా 5 ఔన్సులే. అరచేతి కన్నా కాస్త పెద్దదైన ఆ అచ్చులో అక్షరాలు చీమల్లా ఉండేవి, చూపు మందగించిన పెద్దవాళ్లకు భూతద్దం కావాలి. అయినా రాసిన చెయ్యి ఆనవాలు పట్టవచ్చు. అది చాలా పెద్ద మాట. ఆ వసతి ప్రధానంగా వాడుకున్నది ఇక్కడున్న దొరలూ తెల్ల సైనికులూ అన్నది కూడా అంతే నిజం.

ఇక అసలు నొప్పి దగ్గరికి వస్తాను. రంగూన్.

మన సీమ నుంచి రంగూన్ పోయినవాళ్లు తక్కువ. విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వేలాది మంది ఓడలెక్కి పోయి ఆ రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. అక్కడివాళ్లు వాళ్లను కోరంగీలనేవారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. వాళ్ల జాబులు విమానం ఎక్కినవి కావు. ఓడలో వచ్చే కార్డు, దానితోపాటు మనియార్డరు. ఇంట్లో పొయ్యి వెలగడానికి ఆ రెండో కాగితం ఆధారం.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. రేవులో పనిచేసేవాళ్లు పెద్ద సంఖ్యలో చనిపోయారు, మిగిలినవాళ్లు ఊరు విడిచారు. 1942 మార్చి 8న జపాను సేన రంగూన్‌లో అడుగుపెట్టింది. సుమారు 5 లక్షల మంది భారతీయులు అరకాన్ మీదుగా, మణిపూర్ కొండల మీదుగా ఇండియా దారి పట్టారు. దారిలో కలరాతో, ఆకలితో పోయినవాళ్లు వేలల్లో. ఇక్కడి నుంచి రాసిన ఉత్తరాలు సర్వీసు నిలిచిపోయిందన్న ముద్రతో తిరిగొచ్చాయి. లాడం దారి కూడా తెగి కలకత్తా దగ్గరే ఆగింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడేసరికి తీరం జనం లోపలి ఊళ్లకు పరుగెత్తారు. కొండలు దాటి బతికొచ్చినవాడు కలకత్తాలో కార్డు కొని రాసినా, ఆ చిరునామాలో ఇల్లు తాళం వేసి ఉంది.

దర్బన్ చుట్టు తిప్పి లండను జాబును కరాచీ చేర్చిన సామ్రాజ్యం రంగూన్ కూలీ జాబుకు ఏ దారీ వెతకలేదు. శత్రువు చేతిలో ఉన్న ఊరికి టపా ఎలా పంపుతారని అడగవచ్చు. న్యాయమే. కానీ యుద్ధ ఖైదీల ఉత్తరాలు రెడ్‌క్రాస్ ద్వారా శత్రుదేశాలకూ పోయాయి. జపాను చేతిలో ఉన్న ఖైదీలకు టెహరాన్, సైబీరియా మీదుగా జాబులు పంపారు, అవి చేరడానికి ఏడాది పట్టిన సందర్భాలున్నాయి. 25 మాటలు మించని సందేశాలూ రెడ్‌క్రాస్ నడిపింది. ఆ ఫారం సంగతి తెలిసినవాళ్లు, నింపగలిగినవాళ్లు దాన్ని వాడుకున్నారు. వేలిముద్ర వేసే ఇంటికి దాని పేరు కూడా చేరలేదు. నా ఫిర్యాదు అక్కడుంది.

తెగిన మరో దారికి మాత్రం ఉపాయం వెతికారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోవడంతో ఆస్ట్రేలియాకు ఇండియాతో విమాన సంబంధం తెగింది. దాన్ని తిరిగి కలిపిన తీరు సాహసమే. 1943 మధ్య నుంచి క్వాంటాస్ సంస్థ సింహళంలోని కొగ్గల సరస్సుకూ పెర్త్‌కూ మధ్య కాటలీనా నీటి విమానాలు నడిపింది. ఎక్కడా ఆగకుండా 5,600 కిలోమీటర్లకు పైగా, 27 నుంచి 33 గంటలు. శత్రువు వింటాడని రేడియో కూడా వాడేవారు కాదు, చుక్కల లెక్కతో దారి పట్టేవారు. ప్రయాణికులు ముగ్గురే, టపా 69 కిలోలు. 271 సార్లు సముద్రం దాటారు, ఒక్క విమానం కూడా పోలేదు.

తర్వాతి కాలం గురించి క్లుప్తంగా. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు కడప, రాయచోటి, గోదావరి జిల్లాల ఇళ్లలో మళ్లీ అదే ఎదురుచూపు. ఫోన్లు లేవు, జాబు లేదు. జనం ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరితే, ఎయిరిండియా అక్కడి నుంచి లక్ష మందికి పైగా జనాన్ని ఇండియాకు తెచ్చింది. చాలా ఇళ్లకు జాబుకన్నా ముందు మనిషే వచ్చాడు. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలం మూసేయగానే ఢిల్లీ నుంచి ఐరోపా, అమెరికా పోయే మన విమానాలు చుట్టుదారి పట్టాయి. మే నెలలో రెండు దేశాల మధ్య టపా కూడా ఆగింది. కరాచీ మనకు విమాన టపా గుమ్మంగా మొదలైందన్న సంగతి ఆ వార్త చదివినప్పుడు ఎంతమందికి గుర్తొచ్చిందో.

చివరగా సభకు ఒక విన్నపం. మీ ఇళ్లలో తాతలనాటి ట్రంకు పెట్టెల్లో పాత కవర్లుంటే దయచేసి స్టాంపు కత్తిరించి పిల్లలకు ఇవ్వకండి. స్టాంపు ధర చాలా తక్కువ. కవరు ముందూ వెనకా బయలుదేరిన తేదీ, మధ్యలో ఆగిన ఊరు, సెన్సారు చీటీ, చేరిన తేదీ అన్నీ ఉంటాయి. తిరిగొచ్చిన కార్డుంటే అది ఇంకా విలువైనది. ఎండ తగలకుండా, ప్లాస్టిక్ పూత వేయించకుండా, కవరును కవరుగానే ఉంచండి. మీ ఇంట్లో చోటు లేకపోతే మీ ఊరి గ్రంథాలయానికి ఇచ్చి, ఎవరు ఎవరికి రాసిందో ఒక కాగితం మీద రాసి జత చేయండి.