ఎడ్ వుడ్: డబ్బు లేని దర్శకుడు

1950ల హాలీవుడ్‌లో చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా సినిమాలు తీసిన మొండివాడు ఎడ్ వుడ్. 1953 నాటి ‘గ్లెన్ ఆర్ గ్లెండా’లో ఆడవాళ్ల బట్టలు ఇష్టపడే మగవాడి వేదన చెప్పాడు. ఆ పాత్ర తనే వేశాడు. ఆ ఇష్టమూ తనదే. ఆ రోజుల్లో అదెంత ధైర్యం!

అతని మరో సినిమా ‘ప్లాన్ 9 ఫ్రమ్ అవుటర్ స్పేస్’కు ఒక చర్చి వాళ్లు పెట్టుబడి పెట్టారు. నటుడు బేలా లుగోసీ తెర మీద కనిపించేది కాసేపే; 1956లో ఆయన కన్నుమూశాడు. మిగతా సన్నివేశాల్లో ఆయనకు బదులు వుడ్ భార్యకు వైద్యం చేసే కైరోప్రాక్టర్, నల్ల అంగీ ముఖానికి అడ్డం పెట్టుకుని నడిచాడు. పోలికలు కలవకపోయినా షూటింగ్ ఆగలేదు.

వుడ్ 1978లో పేదరికంలోనే పోయాడు. తర్వాత రెండేళ్లకు ‘అతి చెత్త దర్శకుడు’ అన్న ముద్ర వేశారు. అది అన్యాయం. 1994లో టిమ్ బర్టన్ అతని కథను ప్రేమగా తెరకెక్కించాడు. వీలైతే ముందు ‘గ్లెండా’ చూడండి.