మాత్ర మానడం సాక్ష్యం కాదు



మన తాతలు పాలమూరు, నల్లగొండ, కరీంనగర్ వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ ఈ సోలాపూర్ వచ్చారు. ఇవాళ మగవాళ్లు కార్ఖానాలో చద్దర్లు, టవల్లు నేస్తుంటే ఆడవాళ్లు గడపలో కూర్చుని బీడీలు చుడుతున్నారు. ఈ ఇళ్లలోనూ హెచ్‌ఐవీ ఉంది. దానికి మాత్రలూ ఉన్నాయి, జొన్నల డబ్బా వెనకాల దాచిపెట్టి. వాటి గురించే ఈ సాయంత్రం మాట్లాడదాం.

ముందు మా తప్పు ఒప్పుకుంటాం. కొన్నేళ్ల కిందట ఒక సహోదరి కూటంలో లేచి, "అయ్యగారూ, రిపోర్టులో వైరస్ లేదన్నారు, దేవుడు నన్ను బాగుచేశాడు" అని సాక్ష్యం చెప్పింది. మేము చప్పట్లు కొట్టాం. ఆ రిపోర్టు ఏమిటని ఒక్కరమూ అడగలేదు. ఆమె మాత్రలు మానేసింది. ఏడాది తిరగకముందే క్షయతో మంచం పట్టింది. మళ్లీ మందులు మొదలుపెట్టి, దేవుని దయవల్ల కోలుకుంది. మా చప్పట్లు మాత్రం మాకింకా వినబడుతూనే ఉన్నాయి.

అది వైరల్ లోడ్ రిపోర్టు. అందులో 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్' అని ఉంటే వైరస్ పరీక్షకు అందనంత తగ్గిందని అర్థం, పోయిందని కాదు. అది కొన్ని కణాల్లో దాక్కుని ఉంటుంది. మందు ఆపితే చాలామందిలో కొద్ది వారాలకే తిరిగి లేస్తుంది. కొన్నాళ్లు వేసుకుని కొన్నాళ్లు మానితే మందుకే లొంగకుండా పోవచ్చు. అదే క్రమం తప్పకుండా వేసుకుని వైరస్‌ను ఆ స్థాయిలో ఉంచుకున్నంతకాలం, భార్య నుంచి భర్తకు గానీ భర్త నుంచి భార్యకు గానీ కలయిక ద్వారా సోకదు. ఇది చిన్న వరమా?

ఒకప్పుడు ఈ చికిత్సకు ఏడాదికి పదివేల డాలర్లకు పైగా అయ్యేది. 2001లో మన దేశపు సిప్లా కంపెనీ ఒక వైద్య సేవాసంస్థకు 350 డాలర్లకే ఇస్తామంది. 2004 ఏప్రిల్ 1 నుంచి మన ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది.

ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది రోజుకు ఒకే మాత్ర. అందులో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అనే మూడు మందులుంటాయి. ఒక వారం పగటి పాళీ, ఒక వారం రాత్రి పాళీ అయితే ఏ వేళకు వేసుకోవాలని అన్నలు అడుగుతారు. పాళీ మారే గంటకు రెండు వారాల్లోనూ మెలకువగానే ఉంటారు కదా, అదే వేళ పెట్టుకోండి. మరిచిపోతే గుర్తు రాగానే వేసుకోండి, రెండు కలిపి మింగొద్దు. బీడీలు చుట్టే అమ్మలకు రక్తం తక్కువని ఐరన్, కాల్షియం ఇస్తారు. గ్యాస్ మందు మనమే కొనుక్కుంటాం. ఇవి డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. అందుకే ఏఆర్‌టీ మాత్ర వాటికి రెండు గంటల ముందు గానీ ఆరు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. నడుంనొప్పికి రోజూ డైక్లోఫినాక్ మింగే అలవాటు టెనోఫోవిర్‌తో కలిస్తే కిడ్నీలకు చేటు. క్షయ మందుల్లోని రిఫాంపిసిన్ కూడా డోలుటెగ్రావిర్ బలం తగ్గిస్తుంది, డాక్టరు ఇంకో మాత్ర కలపాలి. కనుక ఏ మందు వాడుతున్నా ఏఆర్‌టీ కేంద్రంలో దాచకండి.

మందు వాడితే విశ్వాసం తక్కువని ఎవరైనా అంటే హిజ్కియాను చూపించండి. పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడే మాట ఇచ్చాక కూడా, యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు.

ఇక సంఘం చేయాల్సింది. ఒకరికి హెచ్‌ఐవీ ఉందని వారి సమ్మతి లేకుండా బయటపెట్టడం 2017 చట్టం ప్రకారం తప్పు. ప్రార్థన మనవిగా చెప్పినా తప్పే. వివరాలు కావాలంటే 1097కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ఇంకొక మాట. మందులకు వెళ్లిన రోజు పాళీ పోతుంది, కూలి పోతుంది. అందుకే కొందరు వెళ్లడం మానేస్తున్నారు. ఆ రోజు కూలి కానుకల్లోంచి ఇద్దామని మా మనవి. ఎవరికి, ఎందుకు అని కమిటీలో ఎవరూ అడగొద్దు.