జ్వరం వచ్చిన పిల్ల బలహీనురాలు కాదు
(విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సెలక్షన్ ట్రయల్స్ దగ్గరపడ్డాయంటే స్పోర్ట్స్ హాస్టళ్లలో దగ్గులు, జలుబులు, జ్వరాలు మొదలవుతాయి. పిల్లలు ఆ సంగతి కోచ్‌కు చెప్పరు. చెబితే లిస్టులో పేరు తీసేస్తారని భయం. పారాసిటమాల్ వేసుకుని పరుగెత్తుతారు. అర సెకను వెనకబడితే 'స్టామినా లేదు' అని రాసేస్తారు. ఆ మాట ఎంతవరకు నిజమో ఇవాళ సైన్సు వైపు నుంచి చూద్దాం.

1987 లాస్ ఏంజెలెస్ మారథాన్ తర్వాత డేవిడ్ నీమన్ బృందం రెండు వేలమందికి పైగా రన్నర్లను ఆరా తీసింది. పరుగెత్తినవాళ్లలో 12.9 శాతం మంది ఆ తర్వాతి వారంలో జలుబు లాంటి ఇన్ఫెక్షన్లు వచ్చాయన్నారు. వాళ్లలాగే సాధన చేసి, పోటీలో దిగనివాళ్లలో అది 2.2 శాతమే. తీవ్రమైన శ్రమ తర్వాత కొన్ని గంటల నుంచి మూడు రోజుల దాకా రోగాలకు కిటికీ తెరిచినట్టు ఉంటుందన్న 'ఓపెన్ విండో' వాదనకు ఇలాంటి లెక్కలే బలమిచ్చాయి.

2018లో బాత్ విశ్వవిద్యాలయానికి చెందిన క్యాంప్‌బెల్, టర్నర్ ఈ వాదనను ప్రశ్నించారు. శ్రమ తర్వాత రక్తంలో లింఫోసైట్లు తగ్గేది నిజమే. కానీ అవి నశించడం లేదు, ఊపిరితిత్తులు, పేగుల వంటి చోట్లకు కాపలాకు పోతున్నాయి అన్నారు. పైగా మారథాన్ లెక్క రన్నర్లు చెప్పుకున్నదే తప్ప ల్యాబ్‌లో తేల్చింది కాదు. మరోవైపు, నెలల తరబడి కఠిన శిక్షణలో ఉన్న ఆస్ట్రేలియా ఈతగాళ్ల లాలాజలంలో ఐజీఏ అనే రక్షక ప్రోటీన్ తగ్గినట్టు 1990ల్లోనే గమనించారు. చర్చ ఇంకా నడుస్తోంది.

అయితే ఇరుపక్షాలూ కాదనని సంగతి ఒకటుంది. పోటీ అంటే శ్రమ ఒక్కటే కాదు. నిద్రలేని రాత్రి, దూరప్రయాణం, ఆందోళన, చాలని తిండి, కిక్కిరిసిన గది కూడా. 2015లో అమెరికాలో 164 మంది ఆరోగ్యవంతుల ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. ఏడు గంటలకు మించి నిద్రపోయినవాళ్లకంటే ఆరు గంటలలోపే నిద్రపోయినవాళ్లకు జలుబు వచ్చే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఉంది. తినేది తక్కువ, ఖర్చయ్యే శక్తి ఎక్కువ అయితే రోగనిరోధక శక్తి సహా ఒంట్లో ఎన్నో పనులు దెబ్బతింటాయని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే హెచ్చరించింది.

ఇక్కడే మన ప్రశ్న మొదలవుతుంది. ఈ నిద్ర, ఈ తిండి ఎవరికి దొరుకుతున్నాయి? ముందురోజే వచ్చి హోటల్లో పడుకున్న పిల్లా, జనరల్ బోగీలో రాత్రంతా నిలబడి వచ్చిన పిల్లా ఒకే గీత మీద నిలబడతారు. గీత ఒకటే, ఒళ్లు మోసుకొచ్చిన బరువు ఒకటి కాదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐరన్ తక్కువైతే పరుగూ తగ్గుతుంది, రోగాన్ని ఎదుర్కొనే కణాల పనీ మందగిస్తుంది.

2022 సెప్టెంబర్‌లో సహారన్‌పూర్‌లో రాష్ట్రస్థాయి కబడ్డీకి వచ్చిన అండర్-17 అమ్మాయిలకు పెట్టే అన్నాన్ని మరుగుదొడ్డిలో ఉంచిన వీడియో దేశమంతా చూసింది. అది బాబాసాహెబ్ పేరు పెట్టుకున్న స్టేడియం. ఒక అధికారిని సస్పెండ్ చేశారు. ఆ అన్నం తిన్న పిల్ల మర్నాడు కడుపునొప్పితో ఓడిపోతే స్కోరుబోర్డు మీద ఏమని రాస్తాం?

కాబట్టి మనం అడగాల్సినవి పెద్ద కోరికలేం కావు. కౌమార వయసు పిల్లలకు ఎనిమిది గంటలకు తగ్గని నిద్ర. రోజూ గుడ్డు, పప్పు, పండు, కడుపునిండా అన్నం. శుభ్రమైన నీళ్లు, మరుగుదొడ్లు. ఏటా హిమోగ్లోబిన్ పరీక్ష. జ్వరం ఉంటే మైదానంలోకి దించకూడదు. వైరస్ గుండె కండరానికి సోకితే, అరుదుగానైనా, పరుగులోనే ప్రాణం పోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, జబ్బుపడ్డ పిల్లకు ట్రయల్స్ మరో రోజు పెట్టాలి. అప్పుడే నిజం చెప్పే ధైర్యం వస్తుంది.

మీలో రేపు పరిశోధకులు, డాక్టర్లు, పీఈటీలు అయ్యేవాళ్లున్నారు. 'మెరిట్ లేదు' అని రాసేముందు ఆ పిల్ల రాత్రి ఏం తింది, ఎన్ని గంటలు నిద్రపోయింది అని అడగండి. ఆ జవాబు కూడా రికార్డులోకి ఎక్కాలి.

జై భీమ్.