టీకా రోజున పశువును దాచొద్దు
(అయిజ రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



డాక్టరు కన్నా ముందు మన కొట్టం దగ్గరికి వచ్చేది గోపాలమిత్ర. ఎదసూది వేసేది, గాలికుంటు టీకాలకు ఇల్లిల్లూ తిరిగేది అతనే. అతను వస్తున్నాడంటే, పాలు తగ్గుతాయని కొందరు పశువులను చేనికి తోలేస్తున్నారు. తగ్గినా రెండు మూడు రోజులే. అదే గాలికుంటు తగిలితే నోరు పుండై మేత ముట్టదు, గిట్టలు చెడి ఎద్దు గుంటకకు పనికిరాదు. పక్క కొట్టానికీ అంటుకుంటుంది.

నాలుగు నెలలు దాటిన దూడ మొదలు, ఆరు నెలలకోసారి టీకా వేయించండి. మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఐసు డబ్బాలో తెచ్చారా అని అడగండి. ఆపదొస్తే 1962కు ఫోన్ చేయండి.

గోపాలమిత్ర పర్మినెంటు ఉద్యోగి కాదు. మన పశువును కాచే మనిషి బతుకు కోసం మన సంఘమూ నోరు విప్పాలి.